ఒంటిచెవి ముడి

చదునుబాబుకి ఎత్తుపల్లాలంటే గిట్టవు. ఇంట్లోకి అడుగుపెడుతూనే మంచం మీది దుప్పటి ముడతలు అరచేత్తో సాపు చేస్తాడు. పంచదార డబ్బా మూత తీస్తే లోపల పంచదార ఒక పక్కకి ఒరిగి ఉందనుకోండి, డబ్బాని బాగా కుదిపి చదును చేశాకే చెంచా ముంచుతాడు. ఒకసారి కునుకు తీస్తున్న భార్య ముంగురులు కూడా అలాగే సరిచెయ్యబోతే, సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసే ఆ ఇల్లాలు కళ్లు తెరవకుండానే "టికెట్టు ఎక్కడిదాకా?" అని అడిగిందట. అతని అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకి తెలుసు. మిగతా లోకానికి అతను చదునుబాబే.

ఆ పేరు ఊరికే రాలేదు. ఊరి చివర డంపింగ్ యార్డులో బుల్డోజర్ తోలడం అతని పని. ఊరంతా పారేసిన చెత్త లారీల్లో వచ్చి అక్కడి పెద్ద గుంటలో పడుతుంది. దాన్ని నెట్టి, పరిచి, తొక్కి, పైన మట్టి కప్పి బల్లపరుపుగా చెయ్యాలి. మర్నాడు మళ్లీ అదే. ఇందులో గొప్పేముందని మీకు అనిపించవచ్చు. మెత్తగా కుంగిపోయే చెత్త మీద అంత బరువైన బండిని పక్కకి ఒరగకుండా ఒకసారి తోలి చూడండి, అప్పుడు మాట్లాడుకుందాం. అతను తోలిన చోట బంతి పెడితే దొర్లదని లారీ డ్రైవర్లు చెప్పుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డ రోజు అతను ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లేవాడు.

గుంటని ఆనుకుని తీగల కంచె, కంచె అవతల అతని అక్క నర్సరీ. ఆ జాగా మున్సిపాలిటీది. ఒకప్పుడు ముళ్లకంపలు తప్ప ఏమీ లేని నేల. అక్క దాన్ని అద్దెకి తీసుకుని, రాళ్లు ఏరి, మంచి మట్టి పోసి, ఏళ్ల తరబడి కంటికి రెప్పలా చూసుకుని పూలమొక్కల తోట చేసింది. పక్కన చెత్తగుంట ఉంటే మొక్కలు ఎవరు కొంటారని అప్పట్లో అందరూ పెదవి విరిచారు. అందరూ వచ్చి కొన్నారు. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లు కంచెకి ఇటొకరు అటొకరు కూర్చుని క్యారేజీలు విప్పుకునేవాళ్లు. గాలి అటు తిరిగిందంటే అక్క ఒంటికాలి మీద లేచేది.

"దుమ్ము లేపకురా! నా గులాబీలు తుమ్ముతున్నాయ్!"

"రుమాళ్లు కుట్టించవే, దానికేం!" అని ఇతను ఇటునుంచి.

ఇలా సాగిపోతున్న బతుకులోకి కొత్త ఇంజినీరమ్మ వచ్చింది. చిన్న వయసు, పెద్ద బూట్లు, ఎవరినైనా మీరు అనే పిలిచే మనిషి. ఆవిడ వచ్చీ రాగానే గుంట మధ్య నిలబెట్టిన ఇనప స్తంభానికి పై భాగంలో ఎర్రగీత గీయించింది. చదునుబాబు బండి దిగి మెడ ఎత్తి చూశాడు.

"ఎందుకు మేడం అది?"

"చెత్త ఆ గీత తాకితే ఈ గుంట నిండినట్టే. ఆపైన పోయడానికి లేదు, పక్కలు జారతాయి."

"మరి చెత్త ఎక్కడ పోస్తారు?"

"పక్క జాగాలో ఇంకో గుంట తవ్వాలి. ఇదే జోరైతే వానలకి ముందే ఆ పని పడుతుంది." ఆవిడ కంచె వైపు చూసింది. "ఆ నర్సరీ ఎవరిదో ఏమో, పాపం."

చదునుబాబు ఆ నర్సరీ ఎవరిదో చెప్పకుండానే మళ్లీ బండెక్కేశాడు. ఇన్నాళ్లూ పొర మీద పొర పరిచి, ఎంత బాగా పరిచానో అని మురిసిపోతున్నది అక్క తోటని పూడ్చడానికేనా అనిపించి అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఆ రోజు అతను తోలిన చోట గతుకులు పడ్డాయని డ్రైవర్లు వింతగా చెప్పుకున్నారు.

అక్కకి చెప్పక తప్పలేదు. చెప్పాడు. అక్క ఏమీ జరగనట్టే మొక్కలకి నీళ్లు పడుతూ, "వాళ్ల జాగా, వాళ్లిష్టం. కుండీలదేముందిరా, బండెక్కిస్తే ఎక్కడికైనా వస్తాయి," అంది. అయితే గొట్టం మాత్రం ఒకే కుండీలో పెట్టి ఉంచింది. కుండీ నిండి, నీళ్లు పొర్లి, ఆవిడ చెప్పులు తడిశాయి. అప్పుడు గొట్టం కట్టేసి తమ్ముడి వైపు తిరిగింది.

"అమ్మకి చెప్పకు. అసలే ఆవిడకి బీపీ."

అమ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. అమ్మ ఇతనింట్లోనే ఉంటుంది. ఒకప్పుడు ఒక పెద్ద కిరాణాకొట్టులో పొట్లాలు కట్టేది. ఆవిడ కట్టిన పొట్లం కొండ మీంచి దొర్లించినా విడదని ఆ రోజుల్లో పేరు. గుడ్డ పీలికైనా దారమైనా రెండు చుట్లు చుట్టి, ఒక కొస లోపలికి దోపి, రెండోది చెవిలా నిలబెట్టి వదిలేది. ఇంట్లో దాన్ని ఒంటిచెవి ముడి అనేవాళ్లు. బియ్యం సంచికీ అదే, చెత్త సంచికీ అదే. చిన్నప్పుడు అక్క జడ రిబ్బనుకీ అదే. బడి నుంచి వచ్చాక ఆ రిబ్బను విప్పుకోవడం అక్కకి ఒక పెద్ద పని.

మర్నాడు చదునుబాబు సిగ్గు విడిచి ఇంజినీరమ్మ గదికి వెళ్లి నర్సరీ సంగతి చెప్పేశాడు. ఆవిడ ఓదార్పు మాటలు చెప్పలేదు. అతన్ని తీసుకుని గుంట దగ్గరికి వచ్చి, అప్పుడే పడ్డ లారీ చెత్తని కర్రతో కెలికి చూపించింది.

"ఇందులో సగానికి పైగా వంటింటి చెత్త. విడిగా వస్తే ఎరువైపోతుంది. ఇవి కాగితాలు, ఇవి సీసాలు, డబ్బాలు, మళ్లీ పనికొచ్చేవి. ఏ పనికీ రాక నిజంగా గుంటలో పడాల్సింది గుప్పెడే. కానీ అన్నీ కలిసిపోయి ఇక్కడికొచ్చాక నేను విడదియ్యలేను, మీరూ విడదియ్యలేరు. అది ఇంట్లో, చెత్తబుట్ట దగ్గరే జరగాలి."

"ఇళ్లలో మొదలుపెడితే గీత దాకా రాకుండా ఆగుతుందా మేడం?"

"మాటివ్వలేను. ఆగొచ్చు. ఎరువు షెడ్డు కట్టే ఉంది, విడి చెత్త లేక ఖాళీగా ఉంది. ఏదో ఒక వీధి ముందు మొదలుపెట్టాలి."

"మా వీధి ఉంది," అన్నాడు చదునుబాబు.

ఆ సాయంత్రం నుంచి అతను ఈ పనిని నెత్తికెత్తుకున్నాడు. గడపగడపకీ తిరిగాడు. అక్క జాగా మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు, ఆ నోటా ఈ నోటా అమ్మ దాకా పోతుందని భయం. ఆ మాట దాచడం వల్ల ఎంత కొంప మునగబోతోందో అప్పటికి అతనికి తెలియదు.

నేర్పడం ఒక ఎత్తు, నేర్చుకోవడం ఇంకో ఎత్తు. మొదటి వారం వీధంతా ఒకటే గందరగోళం. మూలింటి రిటైర్డు హెడ్మాస్టరుగారు పాల ప్యాకెట్లు కడగమన్నారని సబ్బు పెట్టి మరీ కడిగి, దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేశారు. దర్జీ గుడ్డముక్కలు తడా పొడా అని అడిగి, చెప్పిన జవాబు నచ్చక, వాటిని తడిపి తెచ్చాడు. ఒకావిడ తొక్కలన్నీ శ్రద్ధగా ఏరి, చక్కగా ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఆ సంచితో సహా తడి బుట్టలో వేసింది. చదునుబాబు తల పట్టుకుని కూర్చుంటే, డ్యూటీ దిగి వచ్చిన అతని భార్య చూసింది. విజిలు నోట్లో పెట్టుకుని వీధి మధ్యలోకి వెళ్లి నిలబడింది.

"తొక్కలు, మిగిలిన తిండి ముందు డోరు! కాగితం, సీసా, డబ్బా వెనక డోరు! సంచులు ఫుట్‌బోర్డు మీద వేలాడకూడదు! హెడ్మాస్టరుగారూ, ఆ ప్యాకెట్లు ఇస్త్రీ కూడా చేస్తారా ఏంటి? జరగండి, జరగండి, లోపలికి జరగండి!"

జనం పగలబడి నవ్వారు. నవ్వుతూనే నేర్చుకున్నారు. రోజులు గడిచేకొద్దీ తొక్కలన్నీ ఎరువు షెడ్డుకి పోవడం మొదలైంది. పాత సామాన్ల కొట్టువాడు సీసాలకీ అట్టపెట్టెలకీ బండి పంపసాగాడు. వీధి మొత్తానికి ఇంకెందుకూ కొరగానిది ఒక చిన్న బుట్టెడు మిగిలేది. వాళ్ల వీధిని చూసి పై వీధి, పై వీధి చూసి కాలనీ. వెనక వీధి ఒక్కటే ఇంకా మొండికేసింది. అక్కడి మూలమీది పెద్ద డబ్బాలోకి పాత పద్ధతిలోనే అన్నీ కలిసి పడేవి, అక్కణ్ణుంచి లారీ గుంటకి వచ్చేది.

గుంటకి లారీలు తగ్గాయి. చదునుబాబుకి పని తగ్గింది. మధ్యాహ్నాలు బండి నీడలో కూర్చుని స్తంభం వైపు చూసుకునేవాడు. ఎర్రగీత ఇంకా పైనే ఉంది. సంతోషంతో తొందరగా ఇంటికి వచ్చేసి, దుప్పట్లు, కర్టెన్లు, చివరికి పక్కింటివాళ్ల గుమ్మం ముందు కాళ్లు తుడుచుకునే పట్టాలు కూడా సాపు చెయ్యడం మొదలుపెట్టాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తూ ఉండేది.

ఒకరోజు గుంట దగ్గర లారీ వచ్చి వెనక తలుపు తీసింది. చెత్త జారింది. బండి ముందుకి పోనివ్వబోతున్న చదునుబాబు చెయ్యి ఆగిపోయింది. ఎదురుగా నల్ల సంచి, దాని మూతికి పాత దుప్పటి పీలిక, ఆ పీలికకి నిక్కబొడుచుకున్న ఒక చెవి.

పొరపాటున వచ్చిందేమోలే అనుకుని దాని మీదుగా బండి పోనిచ్చాడు. మర్నాడు అలాంటివి మూడు కనబడ్డాయి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు. గుంటలో ఎటు చూసినా చెవులే! కుందేళ్ల మంద దిగినట్టుంది. దిగి ఒకటి కోసి చూశాడు. తొక్కలు, అమ్మ బీపీ మాత్రల అట్టలు, భార్య టికెట్ల చుట్ట చివరి ముక్క, అన్నీ కలిపి ఉన్నాయి. ఇంకోటి కోశాడు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్లు, మీద నీళ్లోడుతున్న తొక్కలు. హెడ్మాస్టరుగారింటివి కూడా! అతను నోరెళ్లబెట్టాడు. తలెత్తి చూస్తే స్తంభం మీద గీతకీ చెత్తకీ మధ్య ఎడం నిన్నటికన్నా తగ్గినట్టే అనిపించింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే కోసిన పీలిక అమ్మ ముందు పెట్టాడు.

"ఏంటమ్మా ఇది?"

అమ్మ కొంగు దోపుకుని ఎదురు తిరిగింది.

"ఏం, నేను కట్టిందే. వెనక వీధి డబ్బాలో నేనే వేశా. హెడ్మాస్టరుగారి ఆవిడా వేసింది, దర్జీ వాళ్లమ్మా వేసింది. వీధిలో పెద్దవాళ్లందరికీ ముడి నేనే నేర్పా. అయితే ఏంటట?"

"అయితే ఏంటా! ఎందుకమ్మా ఇలా చేశారు?"

"ఎందుకేంట్రా? గుంటకి చెత్త రాకపోతే నీకు పనుంటుందా? మధ్యాహ్నానికే ఇంటికొచ్చి పక్కింటి పట్టాలు దులుపుతున్నావ్. డంపు మూసేస్తారని వీధంతా చెప్పుకుంటున్నారు. నీకా ఆ బండి తోలడం తప్ప ఇంకో పని రాదు. తెలిసి తెలిసి సొంత ఉద్యోగానికి ఎసరు పెట్టుకుంటున్నావని, వెర్రిబాగులవాడివని, మేమే తలా ఒక సంచీ పంపుతున్నాం. పాపం, వాళ్లంతా నీ మీద ప్రేమకొద్దీ చేశార్రా!"

ప్రేమకొద్దీ చేశారన్నది నిజమే. అయితే తడీ పొడీ ఏరడం తప్పుతుందన్న ఆనందం కూడా అందులో కాస్త కలిసి ఉండవచ్చు.

"మరి ఆ ముడి దేనికి?"

"విడిపోయి కారితే నీ బండి జారదూ?" అంది అమ్మ, అంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

చదునుబాబుకి కోపం ఎటు పోయిందో పోయింది. మంచం మీద కూలబడ్డాడు. దుప్పటి ముడత పడ్డా పట్టించుకోలేదు. ఇక దాచి లాభం లేదని ఎర్రగీత సంగతి, పక్క జాగా సంగతి, అక్క తోట సంగతి మొత్తం చెప్పేశాడు. వింటూ వింటూ అమ్మ మొహంలో రంగులు మారాయి. ఆవిడ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

"ఈ మాట నాకు ముందే చెప్పి ఏడవొచ్చుగా, వెధవా!"

"బీపీ అని..."

"నా బీపీకేం, బండలా ఉంది! మీరిద్దరూ కలిసి నా చేత నా కూతురి తోటలో చెత్త పోయించార్రా!" ఆవిడ కళ్లు తుడుచుకుంది. గొంతు తగ్గించి అడిగింది. "దాని తోట నిలవాలంటే నీ పని పోవాలా? అంతేనా?"

ఆ ప్రశ్న అతను ఎప్పుడూ వేసుకోలేదు. అక్క గురించి ఆలోచించినంతగా తన గురించి ఆలోచించలేదు. భయం అప్పుడు తగిలింది.

"తెలీదమ్మా," అన్నాడు. నిజంగానే తెలియదు.

అమ్మ లేచి చెప్పులేసుకుంది. "ముందు నేను పోయి ఆ సంచులు ఆపిస్తా. నువ్వు పొద్దున్నే ఆ ఇంజినీరమ్మని అడుగు. మనసులో పెట్టుకుని కూర్చోకు. ఇంట్లో ఒకళ్లకొకళ్లు దాచుకున్నది చాలు."

ఆవిడ ఏ గడపలో ఏం చెప్పిందో గాని, మర్నాటి లారీలో ఒక్క చెవి కూడా లేదు. అంతటితో ఆగలేదు ఆవిడ. సంచులు మోసిన పెద్దావిడల్నందర్నీ వెంటేసుకుని మొండికేసిన వెనక వీధి మీదికి వెళ్లింది. వాళ్లు గుమ్మాల ముందు చాప పరిచి కూర్చుని తడీ పొడీ చెప్పడం మొదలుపెడితే, అడ్డు చెప్పే ధైర్యం ఆ వీధిలో ఎవరికీ లేకపోయింది. వారం తిరక్కుండా మూలమీది డబ్బా ఎత్తేశారు.

ఇంజినీరమ్మ అతని ప్రశ్న విని దాచకుండానే జవాబిచ్చింది.

"బుల్డోజర్ పని తగ్గుతుంది. వారంలో రెండు రోజులుంటే ఎక్కువ. కానీ ఎరువు షెడ్డుకి ఇప్పుడు చెత్త పోటెత్తుతోంది. పొడుగ్గా కుప్పలు పోసి, మాగేదాకా లోడర్‌తో తిరగెయ్యాలి. గాలి తగలాలి. తోలేవాళ్లు లేరు. మీరు నేర్చుకుంటానంటే రాసి పంపుతాను. ఒప్పుకుంటారో లేదో పైవాళ్లిష్టం."

పైవాళ్లు ఒప్పుకోవడానికి టైము పట్టింది. ఆ రోజులన్నీ ఇంట్లో ఎవరికీ సరిగ్గా ముద్ద దిగలేదు. చివరికి ఒప్పుకున్నారు. కష్టం ఆ తర్వాతే మొదలైంది. జీవితమంతా చదును చేసినవాడు ఇప్పుడు కుప్పలు పొయ్యాలి! మొదటిరోజు పొద్దున కుప్పలు పోశాడు. మధ్యాహ్నం క్యారేజీ తిని వచ్చి, చెయ్యి అలవాటు కొద్దీ, వాటన్నిటినీ చక్కగా బల్లపరుపు చేసి, దిగి, మురిపెంగా చూసుకున్నాడు. షెడ్డులో వాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. అతను నాలుక్కరుచుకుని మళ్లీ బండెక్కాడు. ఆ సంగతి తెలిసి అతని భార్య బస్సు బస్సంతా నవ్వించిందని వినికిడి.

వానలు వచ్చాయి. మొదటి పెద్ద వాన వెలిసిన పొద్దున అమ్మ ఆ స్తంభాన్ని కళ్లారా చూడాలని పట్టుబట్టింది. ఇన్నేళ్లలో కొడుకు పనిచేసే చోటు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అక్కాతమ్ముళ్లు ఆవిడని నర్సరీలోంచి కంచె దగ్గరికి తీసుకెళ్లారు. గుంట మధ్య స్తంభం తడిసి నిగనిగలాడుతోంది. ఎర్రగీత చెత్తకి అందనంత పైన, స్పష్టంగా ఉంది. కొత్త గుంట మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారని ఇంజినీరమ్మ చెప్పి పంపింది. అక్క కుండీలు ఏ బండీ ఎక్కలేదు.

అమ్మ గీతని చూసి తలాడించింది. చూపు కిందికి దించింది. కంచె అవతల, గుంట అంచున వానకి మట్టి కొట్టుకుపోయిన చోట ఒక నల్ల సంచి సగం బయటపడి ఉంది. మూతికి పీలిక. బురదలో కూడా ఆ చెవి నిలబడే ఉంది.

"అది నాది," అంది అమ్మ. "తియ్యరా."

"ఒక్క సంచి తీస్తే ఏమొస్తుందమ్మా? అలాంటివి లోపల ఎన్ని లేవు?"

"తియ్యమన్నానా!"

అతను పార తెచ్చి పెళ్లగించి తీశాడు. అమ్మ నర్సరీ మెట్టు మీద కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. ముడి మీద వేళ్లు పెట్టింది. రాలేదు. గోళ్లతో లాగింది. బండి తొక్కి, బరువు మీద పడి బిగుసుకున్న ముడి, ససేమిరా అంది. అతను కత్తెర తెస్తే వద్దంది.

"నేను కట్టింది నేనే విప్పాలి."

చాలాసేపు అవస్థ పడింది. ఎన్ని వేల పొట్లాలు కట్టిన చేతులో అవి, ఇప్పుడు ఒక్క ముడి విప్పలేకపోయాయి. చివరికి కూతురి వైపు తిరిగి, తల వంచుకుని అంది. "నీ తోట మీద నేను పెట్టిన బరువే ఇది. నన్నేమీ అనవేంటే?"

అక్క వచ్చి పక్కన కూర్చుని సంచి తన ఒళ్లోకి లాక్కుంది. చిన్నప్పుడు చేతులు వెనక్కి పెట్టి జడ రిబ్బను విప్పుకున్నట్టే, చూడకుండా, కళ్లు మూసుకుని, దోపిన కొసని వేలితో వెనక్కి నెట్టింది. ముడి విడిపోయింది.

"నీ ముడి నాకు తెలీదా అమ్మా," అంది.

సంచి తెరిస్తే గుప్పుమంది. తొక్కలు నల్లబడి, ముద్దగా, ఇంకా తొక్కల్లాగే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఊపిరాడక మట్టిలో కలవలేకపోయాయి. పాల ప్యాకెట్లు చెక్కు చెదరలేదు. అమ్మ మొహం తిప్పుకోలేదు. ప్యాకెట్లు ఒక పక్క, అట్టలు ఒక పక్క, తొక్కలు బకెట్లోకి, చివరి ముక్క దాకా ఏరింది. పీలికని కుళాయి కింద ఉతికి కంచె మీద ఆరేసింది. బకెట్టు కొడుకు చేతికిచ్చింది.

"పో, నీ కుప్పలో కలుపు," అంది. "చదును చెయ్యకు."